గండికోట జలాశయ నిర్వాసితుల పునరావాసం

కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో పెన్నా నదిపై నిర్మించిన గండికోట జలాశయం కింద ఊళ్లు కోల్పోయిన కుటుంబాలకు పరిహారం, పునరావాసం అందించే ప్రక్రియ ఇది. జలాశయం పూర్తి నిల్వ 26.85 టీఎంసీలు. ముంపు గ్రామాలు ప్రధానంగా కొండాపురం మండలంలో ఉన్నాయి.

నేపథ్యం

గాలేరు–నగరి సుజల స్రవంతిలో ఈ జలాశయం కీలకం. శ్రీశైలం వరద నీరు పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు మీదుగా ఇక్కడికి చేరుతుంది. ఇక్కడి నుంచి ఎత్తిపోతల ద్వారా పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు వెళ్లి పులివెందుల ప్రాంతానికి అందుతుంది. దిగువన మైలవరం జలాశయం జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల ఆయకట్టుకు ఆధారం. ఈ నీటి దారి మొదలయ్యే శ్రీశైలంలోనూ ఎన్నో ఊళ్లు మునిగాయి.

సాయం మారిన తీరు

1894 నాటి భూసేకరణ చట్టం ఆస్తికి వెల కట్టిందే తప్ప, సొంత భూమి లేని కూలీలకు, చేతివృత్తులవారికి పునరావాసం కల్పించలేదు. శ్రీశైలం నిర్వాసితుల ఆందోళనల తర్వాత, 1986లో జీవో 98 ద్వారా ముంపు కుటుంబాలకు ప్రభుత్వోద్యోగాల్లో అవకాశం వచ్చింది. 2005లో జీవో 68తో రాష్ట్రానికి పునరావాస విధానం ఏర్పడింది.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం సాయాన్ని హక్కుగా మార్చింది. ఇల్లు పోయినవారికి ఇల్లు, ఏడాదిపాటు నెలకు రూ.3,000 భృతి, సామాన్ల తరలింపునకు రూ.50,000 ఇవ్వాలి. జీవనోపాధి కింద ఉద్యోగం గాని, ఒకేసారి రూ.5 లక్షలు గాని, 20 ఏళ్లపాటు నెలకు రూ.2,000 గాని ఇవ్వాలి. పెళ్లి కాకపోయినా, వయోజనులను విడి కుటుంబంగానే లెక్కించాలి.

తాళ్లప్రొద్దుటూరు ముంపు

2020 సెప్టెంబరులో జలాశయంలో నిల్వ పెంచడంతో ముంపు గ్రామాల్లో ఒకటైన తాళ్లప్రొద్దుటూరులోకి నీరు చేరింది. పరిహారం పూర్తిగా చెల్లించి, ఇళ్లు కట్టుకునేందుకు గడువిచ్చాకే ఊరు ఖాళీ చేయించాలంటూ గ్రామస్థులు ఆందోళనకు దిగారు. అప్పటికింకా చాలా కుటుంబాలు అక్కడే ఉన్నాయి.

అంచనా

సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపునకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టంలోని 38వ సెక్షన్ చెబుతోంది. ఆ కొలమానంతో చూస్తే తాళ్లప్రొద్దుటూరులో నీరు ముందొచ్చింది, సాయం వెనకబడింది.