రాజచిహ్నము - ప్రజాచిహ్నము : తెలంగాణ ముద్రను గూర్చిన వివాదము

ఒక ప్రాంతము జెండానుగాని ముద్రనుగాని కల్పించుకొన్నప్పుడు దానియందు రెండు చరిత్రలు చేరును. అందలి వస్తువు పుట్టిన చరిత్ర యొకటి. దానిని తమ గుర్తుగా గైకొన్న ప్రజల చరిత్ర మఱియొకటి. 2024లో తెలంగాణ రాష్ట్రముద్రను మార్చుటను గూర్చి చెలరేగిన వివాదమున ఈ రెంటికిగల భేదము మఱుగుపడెనని మా యభిప్రాయము.

2014లో రాష్ట్రమేర్పడినప్పుడు చిత్రకారులు శ్రీ ఏలె లక్ష్మణ్ రూపొందించిన ముద్ర స్వీకరింపబడెను. వర్తులాకారమైన యా ముద్రలో కాకతీయ తోరణమును, దాని నడుమ చార్మినారును, పైని అశోకుని సింహశీర్షమును గలవు. 2024 ఫిబ్రవరిలో మంత్రివర్గము దీనిని మార్ప నిశ్చయించెను. ముద్రలో రాచరికపు టానవాళ్లు గలవనియు, నూతనముద్ర ఉద్యమమును, అమరుల త్యాగమును, ప్రజాస్వామ్యమును తెలుపవలెననియు శ్రీ రేవంత్ రెడ్డి ప్రభుత్వపు వాదము. ప్రతిపక్షమగు భారత రాష్ట్ర సమితి దీని నెదిర్చెను. మే 30న శ్రీ కె. తారక రామారావు చార్మినారు చెంత నిరసన తెలిపిరి. జూన్ 2నాటి యుత్సవమున ‘జయ జయహే తెలంగాణ’ రాష్ట్రగీతముగా వెలువడెను గాని, నూతనముద్ర వెలువడలేదు.

ప్రభుత్వవాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కట్టించిన రాజు పేరు నిలుచును. రాయి మోసిన కూలివాని పేరు నిలువదు. ఆ లోపమును తీర్పగోరుట న్యాయమే. కాని ఓరుగల్లు తోరణములు రాజప్రాసాద ద్వారములు కావు. స్వయంభూ శివాలయమునకు నాలుగు దిక్కుల నెత్తినవి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు పై యంతస్తున మసీదు గలదు. రాజనిర్మితమగుటయే దోషమైనచో సారనాథ సింహశీర్షమునకును ఆ దోషము తప్పదు. అయినను గణతంత్రభారతము 1950 జనవరి 26న దానినే తన చిహ్నముగా గైకొనెను.

కేవల రాజచిహ్న మెట్టిదో తెలియుటకు అసఫ్‌జాహీల పసుపుపచ్చని జెండాను చూడవలెను. దాని నడుమ నున్నది కుల్చా రొట్టె. ఒక సూఫీ గురువు పెట్టిన కుల్చాలలో మొదటి నిజాము ఏడింటిని తినగా, ఏడు తరములు ఏలుదువని యాతడు దీవించెనని ఐతిహ్యము. ఆ కథ ఒక వంశమునకు మాత్రమే చెందినది. కావుననే 1948లో ఆ వంశపు పాలన ముగియగా జెండాయు రాజ్యచిహ్నముగా ముగిసెను. తోరణ చార్మినారు లట్లు కాలేదు. కాకతీయులును కుతుబ్ షాహీలును పోయినను అవి ఓరుగల్లునకును హైదరాబాదునకును ఆనవాళ్లుగా నిలిచినవి. వానిని నిలిపినది సింహాసనము కాదు, జనుల వాడుక.

పొరుగుననున్న కర్ణాటకమునందలి యుదాహరణము గమనింపదగినది. 2018 మార్చి 8న శ్రీ సిద్ధరామయ్య ప్రభుత్వము ప్రకటించిన జెండాలో పసుపు, తెలుపు, ఎఱుపు చాళ్లు గలవు. నడుమనున్నది మైసూరు రాజుల గండభేరుండము. అచ్చట రాజుల పక్షియే కన్నడిగుల యాత్మగౌరవమునకు గుర్తుగా ప్రతిపాదింపబడినది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశము అమరావతీ శిల్పములలోని పూర్ణఘటము ననుసరించి తన ముద్రను సవరించుకొనెను. కావున మార్పు తనంత తాను తప్పు కాదు. ప్రాచీనతయు దోషము కాదు.

ఇక విధానమును గూర్చి యొకమాట. సింహశీర్షమును తన ముద్రలో చేర్పదలచిన రాష్ట్రము కేంద్రప్రభుత్వపు ముందస్తు టనుమతిని పొందవలెనని 2007నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ యనుమతి ముద్రకు చట్టబద్ధత నిచ్చును, జనసమ్మతి నియ్యజాలదు. 2014 నాటి ముద్రపై పదేండ్ల పిదప జనులు వాదులాడుటచేతనే అది వారి సొత్తయినదని తేలినది. 1969 ఉద్యమమున అసువులు బాసినవారికి గన్‌పార్కున స్తూపము గలదు. అట్టివారి స్మృతికి ముద్రలో చోటిచ్చుటకు తోరణమును తొలగింప నక్కఱలేదు. ఒక స్మృతికి చోటు కల్పించుటకై మఱియొక స్మృతిని తుడిచివేసినచో, రేపు దానికిని ఆ గతియే పట్టును.