ఓపెన్‌లో నెగ్గినా తెరుచుకోని తలుపు: పాథాలజిస్టు విలియం హింటన్ జీవితం

రిజర్వేషన్ల మీద వాదన వచ్చినప్పుడల్లా మాకు ఎదురయ్యే మాట ఒకటుంది. "మీలో ప్రతిభ ఉంటే ఓపెన్‌లో నెగ్గండి, ఎవరొద్దన్నారు?" అని. 1990లో మండల్ సిఫార్సులకు వ్యతిరేకంగా అగ్రవర్ణ విద్యార్థులు రోడ్లూడ్చి, బూట్లు పాలిష్ చేసి చెప్పింది కూడా ఇదే. ఊడవటం, బూట్లు తుడవటం ప్రతిభ లేనివాళ్ళ పనులనీ, ఆ పనులు తమకు రాసిపెట్టి లేవనీ వాళ్ళ ఉద్దేశం. దీనికి జవాబు మన చరిత్రలోనే బోలెడుంది. అయినా ఈ వ్యాసంలో మేం అమెరికా నుంచి ఒక జీవితాన్ని తీసుకుంటున్నాం. 1873లో ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వం రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ అంటరానివాళ్ళ స్థితికీ నల్లవాళ్ళ స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు. కాబట్టి వాళ్ళ చరిత్ర చదవటం మనకు పరాయి వ్యవహారం కాదు.

బోస్టన్ నగరంలోని హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో 1918 నుంచి పాఠాలు చెప్పిన విలియం అగస్టస్ హింటన్‌కు ప్రొఫెసర్ హోదా 1949లో వచ్చింది. అప్పటికాయనకు 65 ఏళ్ళు. మరుసటి ఏడాదే రిటైరయ్యారు. 1636లో మొదలైన హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయిన మొదటి నల్లవాడు ఆయనే. ఈ 'మొదటి' అన్న మాటను గొప్పగా చెప్పుకోవటం అలవాటైపోయింది. మేమైతే వేరే ప్రశ్న అడుగుతాం. 31 ఏళ్ళు ఎందుకు పట్టింది?

తలుపు ముందు

ఆ మెడికల్ స్కూల్‌కు ఒక గతం ఉంది. 1850లో మార్టిన్ డెలానీతో సహా ముగ్గురు నల్ల విద్యార్థులను అక్కడ చేర్చుకున్నారు. తెల్ల విద్యార్థులు వాళ్ళ పక్కన కూర్చోలేమని అర్జీ పెట్టారు. డీన్‌గా ఉన్నది పేరున్న వైద్యుడు, రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్. ఆ చలికాలపు తరగతులు కాగానే ఆ ముగ్గురినీ మళ్ళీ రావద్దన్నారు. వాళ్ళకు చదువు రాదని ఎవరూ అనలేదు. పక్కన కూర్చోవటమే అభ్యంతరం. బడి వరండాలో గోనెపట్టా మీద కూర్చున్న వాళ్ళ పిల్లలం మనం, ఆ అభ్యంతరం ఎలాంటిదో మనకు విడమరచి చెప్పనక్కర్లేదు.

హింటన్ 1883 డిసెంబర్ 15న షికాగోలో పుట్టారు. తల్లి మరియా క్లార్క్, తండ్రి అగస్టస్ హింటన్ ఇద్దరూ ఒకప్పుడు బానిసలు. కాన్సాస్‌లో పెరిగి, అక్కడి విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివి, హార్వర్డ్ కాలేజీకి మారి 1905లో పట్టా తీసుకున్నారు. వెంటనే వైద్యం చదివే స్తోమత లేదు. నాలుగేళ్ళపాటు టెన్నెసీలోనూ, ఓక్లహోమాలోనూ నల్లవాళ్ళ కాలేజీల్లో సైన్సు పాఠాలు చెప్పారు. వేసవి సెలవుల్లో షికాగో వెళ్ళి బాక్టీరియాలజీ చదువుకున్నారు. 1909లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో చేరారు.

మన వాదనకు కీలకమైన ఘట్టం ఇక్కడుంది. నల్ల విద్యార్థుల కోసం ప్రత్యేకించిన స్కాలర్‌షిప్ ఇస్తామంటే ఆయన వద్దన్నారు. అందరూ పోటీపడే విగిల్స్‌వర్త్, హేడెన్ స్కాలర్‌షిప్పులకు పోటీపడి వరుసగా రెండేళ్ళు గెలుచుకున్నారు. కోర్సును మూడేళ్ళకే పూర్తి చేసి 1912లో ఆనర్స్‌తో ఎం.డి. పట్టా పొందారు. రిజర్వేషన్ల వ్యతిరేకులకు ఇంతకంటే నచ్చే ఉదాహరణ దొరకదు. "చూశారా, ఆయన రాయితీ తీసుకోలేదు" అని సంబరపడతారు. సరే, ఒప్పుకుందాం. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూద్దాం.

హింటన్ సర్జన్ కావాలనుకున్నారు. సర్జన్ కావాలంటే ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. బోస్టన్ ఆసుపత్రులేవీ నల్లవాడికి ఆ అవకాశం ఇవ్వలేదు. ఓపెన్‌లో రెండుసార్లు నెగ్గిన మనిషి ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. నిరూపించుకోమన్నారు, నిరూపించుకున్నాడు, అయినా తలుపు తియ్యలేదు. ప్రతిభ అనేది తాళంచెవి అయితే ఆ తాళం తెరుచుకోవాలి గదా!

వెనకగదిలో పని

బతికున్న తెల్లవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యటానికి పనికిరానివాడు శవం మీద చెయ్యి వెయ్యటానికి పనికొచ్చాడు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పాథాలజీ విభాగంలో హింటన్ జీతం లేని సహాయకుడిగా చేరారు. సిఫిలిస్‌తో చనిపోయారని అనుమానమున్న శవాలకు పరీక్ష చెయ్యటం ఆయన పని. మన ఆసుపత్రుల మార్చురీల్లో శవాన్ని కోసే చేతులు ఎవరివో, రిపోర్టు మీద సంతకం ఎవరిదో తెలిసిన మాకు ఈ పని పంపకం కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, హింటన్ ఆ గదిలో కత్తితోపాటు కలం కూడా పట్టుకున్నారు. శవం లోపల ఆ జబ్బు చేసిన పాడునూ, రక్తపరీక్ష చెప్పిన ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు ఆయనకు అక్కడే దొరికింది.

సిఫిలిస్‌ను మన పక్క సవాయి రోగం అనేవాళ్ళు. దాన్ని రక్తంలో పట్టుకోవటానికి 1906లో జర్మనీలో వాసర్‌మన్ పరీక్ష వచ్చింది. దానికి గినీపిగ్ సీరం, గొర్రె నెత్తుటి కణాలు కావాలి, బోలెడు మెట్లుండేవి. జబ్బు లేనివాళ్ళకు ఉన్నట్టు, ఉన్నవాళ్ళకు లేనట్టు చూపించేది. ఈ తప్పు చిన్నది కాదు. పెన్సిలిన్ రాకముందు సిఫిలిస్‌కు మందు ఆర్సెనిక్ కలిసిన ఇంజక్షన్లు. నెలల తరబడి పొడిపించుకోవాలి. లేని జబ్బు ఉందన్నారంటే ఆ మనిషి ఊరికే విషం ఎక్కించుకున్నట్టు, పైగా సంసారంలో చిచ్చు.

1915లో హార్వర్డ్ నుంచి రాష్ట్ర ఆరోగ్యశాఖకు మారిన వాసర్‌మన్ లాబొరేటరీకి హింటన్ డైరెక్టరయ్యారు. 1927లో తన సొంత పరీక్షను ప్రకటించారు. గొడ్డు గుండె నుంచి తీసిన సారానికి కొలెస్టరాల్, గ్లిజరిన్ చేర్చి, రోగి సీరంతో కలుపుతారు. జబ్బుంటే నలుసులు కడుతుంది. అంతే. ఖర్చు తక్కువ, తప్పులు తక్కువ. 1931లో డేవీస్‌తో కలిసి వెన్నునీటికి కూడా పనికొచ్చే పరీక్ష తయారుచేశారు. 1934లో అమెరికా ప్రజారోగ్య సర్వీసు హింటన్ పరీక్షను ఆమోదించింది. తర్వాత వి.డి.ఆర్.ఎల్. పరీక్ష వచ్చి దీన్ని పక్కకు నెట్టింది. మన ఆడవాళ్ళకు కడుపుతో ఉన్నప్పుడు చేయించే ఆ వి.డి.ఆర్.ఎల్. పరీక్షలో కూడా గొడ్డు గుండె నుంచి వచ్చిన పదార్థమే ఉంటుంది. మన తిండిని అపవిత్రమనే వాళ్ళ రక్తం కూడా దానితోనే పరీక్షకు నిలబడింది.

పరిశోధనతోపాటు బోధన కూడా వదల్లేదు. హార్వర్డ్‌లో 1918లో ఇన్‌స్ట్రక్టర్‌గా మొదలుపెట్టి ప్రివెంటివ్ మెడిసిన్, బాక్టీరియాలజీ, ఇమ్యునాలజీ చెప్పారు. 1931లో బోస్టన్ డిస్పెన్సరీలో ఆడపిల్లలకు లాబొరేటరీ టెక్నీషియన్ శిక్షణ ప్రారంభించారు. డాక్టరు చదువు అందని వాళ్ళకు ఆసుపత్రిలో జీతం వచ్చే పని చూపించిన బడి అది. 1936లో సిఫిలిస్, దాని చికిత్స గురించి ఆయన పాఠ్యగ్రంథం వచ్చింది. అమెరికాలో ఒక నల్లవాడు రాసిన మొదటి వైద్య పాఠ్యగ్రంథం అదే. ఆ జబ్బు జాతి వల్ల వచ్చేది కాదనీ, పేదరికంలోనూ వైద్యం అందకపోవటంలోనూ దాని వేళ్ళున్నాయనీ ఆయన వాదించారు.

ఈ వాదన ఏ కాలంలో చేశారో గమనించాలి. ఆయన పరీక్షను ఆమోదించిన ప్రజారోగ్య సర్వీసే 1932లో అలబామా రాష్ట్రం టస్కేగీలో ఒక 'అధ్యయనం' మొదలుపెట్టింది. దాదాపు 600 మంది నల్ల మగవాళ్ళు, అందులో 399 మందికి సిఫిలిస్. జబ్బు పేరు చెప్పకుండా, 'చెడు రక్తం' అని నమ్మించి, వైద్యం చెయ్యకుండా ఎలా చస్తారో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో బయటపడేదాకా, అంటే 40 ఏళ్ళు అది సాగింది. నల్లవాడి విజ్ఞానాన్ని వాడుకోవటానికి ఆ సంస్థకు అభ్యంతరం లేదు. నల్లవాడి ప్రాణానికి విలువ ఇవ్వటానికే అభ్యంతరం.

దాచుకున్న ముఖం

హింటన్ పరీక్ష పేరు దేశమంతా తెలుసు. ఆ హింటన్ నల్లవాడని చాలామంది డాక్టర్లకు తెలియదు. 1938లో నల్లజాతి హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. తమ అత్యున్నత గౌరవమైన స్పింగార్న్ పతకం ఇస్తామంటే ఆయన తీసుకోలేదు. తన రంగు బయటపడితే తెల్ల వైద్యులు తన పనిని నమ్మరన్న భయమే కారణమని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు.

ఇక్కడ మాలో మాకే వాదన వచ్చింది. సొంత జనం ఇచ్చే గౌరవాన్ని కాదనటం ఏమిటని కొందరన్నారు. అద్దె ఇల్లు అడగబోతే "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు నోట్లో తడారిపోయిన అనుభవం ఉన్నవాళ్ళు అంత తేలిగ్గా తీర్పు చెప్పలేకపోయారు. 1917లో కొలంబియా, లండన్ చదువులతో బరోడా వచ్చిన అంబేడ్కర్‌కు ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి ఉండాల్సొచ్చింది. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. దాచుకున్నవాడిని నిలదీసే ముందు, దాచుకోక తప్పని స్థితి కల్పించినవాళ్ళను నిలదీయటం న్యాయం.

అయితే దాచినందుకు చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. ఆయన్ను చూసి ధైర్యం తెచ్చుకోవాల్సిన నల్ల పిల్లలకు ఆయన ఉన్నాడనే తెలియకుండా పోయింది. పరీక్ష పాతబడగానే పేరు కూడా మరుగున పడింది.

హింటన్ ఒక్కరి విషయమే అయితే దురదృష్టం అనుకోవచ్చు. అదే నగరంలో, బోస్టన్ విశ్వవిద్యాలయంలో సాలమన్ కార్టర్ ఫుల్లర్ అనే మరో నల్ల పాథాలజిస్టు 1899 నుంచి పాఠాలు చెప్పారు. మ్యూనిక్‌లో స్వయంగా ఆల్జీమర్ దగ్గర పనిచేసి వచ్చి, 1912లో ఆ జబ్బుపై అప్పటిదాకా వచ్చిన కేసులన్నిటినీ సమీక్షించిన మనిషి. అయిదేళ్ళు న్యూరాలజీ విభాగాన్ని నడిపించినా అధిపతి హోదా ఇవ్వలేదు. 1933లో కింద ఉన్న తెల్ల అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ప్రొఫెసర్‌ను చేసి అధిపతిగా కూర్చోబెట్టారు. ఫుల్లర్ తప్పుకున్నారు. పని చేయించుకోవటం, పీట వెయ్యకపోవటం ఆ సంస్థల పద్ధతి.

1940లో కారు ప్రమాదంలో హింటన్ ఒక కాలు పోయింది. అయినా పని ఆపలేదు. 1959 ఆగస్టు 8న చనిపోయారు. 75,000 డాలర్లు హార్వర్డ్ విద్యార్థుల స్కాలర్‌షిప్పుకు రాసిపోయారు. దానికి తన పేరు పెట్టుకోలేదు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు పెట్టమన్నారు. 2020లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ తన విద్యార్థి విభాగాల్లో ఒకదానికి హోమ్స్ పేరు తీసేసి హింటన్ పేరు పెట్టింది. ముగ్గురిని గెంటేసిన డీన్ పేరు చెరగటానికి 170 ఏళ్ళు పట్టింది.

మన విశ్వవిద్యాలయాల్లో రిజర్వుడు ప్రొఫెసర్ పోస్టుల ఎదురుగా 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి ఖాళీగా వదిలే అలవాటు మనకు తెలిసిందే. ఆ వాక్యం రాసేవాళ్ళు ప్రతిభ గురించి మాట్లాడినప్పుడు హింటన్ లెక్క వాళ్ళ ముందు పెట్టాలి: ఓపెన్‌లో రెండుసార్లు నెగ్గాడు, పరీక్ష కనిపెట్టాడు, పాఠ్యగ్రంథం రాశాడు, 31 ఏళ్ళు పాఠం చెప్పాడు. ఏ ఏడాదికి తగినవాడయ్యాడో చెప్పమని అడగాలి. మన కాలేజీల్లో డిమాన్‌స్ట్రేటర్లుగానే, టెక్నీషియన్లుగానే రిటైరైపోయిన మనవాళ్ళు బతికుండగానే వాళ్ళ దగ్గర కూర్చుని ఆ లెక్కలు రాసుకోవాలి. ఆ పనికి ఇంకెవరో వస్తారని మేం ఎదురుచూడటం లేదు.