చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

1892. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్ బీచ్‌లో సెలవులకొచ్చిన జనం. ఆ జనంలో ఒకాయన చంకలో పెట్టె ఇరికించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. చూసినవాళ్లకు ఏదో సామాను మోసుకుపోతున్నట్టే ఉంది. ఆయన పేరు పాల్ మార్టిన్. పుట్టింది ఫ్రాన్స్‌లో, స్థిరపడింది లండన్‌లో. పత్రికల్లో అచ్చువేసే బొమ్మల్ని చెక్క దిమ్మల మీద చెక్కడం ఆయన వృత్తి. చంకలో ఉన్నది ‘ఫెసైల్’ అనే కెమెరా. దానికి మూడుకాళ్ల స్టాండు అక్కర్లేదు, నల్లగుడ్డలో తల దూర్చే పనీ లేదు. నాలుగడుగులు వేసి, ఆగి, మీట నొక్కితే సరి. ఇసుకలో ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వుకుంటున్న జంటలు అలాగే ఆయన గాజు పలకల్లోకి వచ్చేశారు. ఫొటో దిగామన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

అదే 1892లో మన హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ దీన్‌దయాళ్ స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత దాన్ని చూసుకునేవారు. అక్కడి పరదా చాటు కుటుంబాల ఆడవాళ్లు ధైర్యంగా ఫొటో దిగగలిగారంటే ఆ ఏర్పాటు వల్లే. అయితే స్టూడియో అంటే స్టూడియోనే: వెనక తెర, కింద తివాచీ, పక్కన కుర్చీ, ఎదురుగా ‘కదలకండి’ అనే మాట. లండన్ స్టూడియోల్లోనూ అప్పటికి అదే వరస.

ఇల్లంతా బీచ్‌కి వెళ్లి తీరిగ్గా, హాయిగా దిగిన ఫొటో ఇవాళ మనకు మామూలు. ఆ హాయి కెమెరాతో పాటు పుట్టలేదు. రావడానికి యాభై ఏళ్లు పట్టింది, అదీ ఎక్కువగా సముద్రపు ఒడ్డునే వచ్చింది. ఫొటో దిగేవాళ్లకు ఎప్పుడూ ఉండే చిక్కు ఒకటే: చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? స్టూడియో అందుకు కుర్చీ వీపు చూపించింది. ఇసుక మాత్రం చేతికి పని చూపించింది. నా లెక్కలో బీచ్ ఫొటో చరిత్రంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

మెడ వెనక ఇనుప కొక్కెం

1839లో డాగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతి లోకానికి తెలిసినప్పుడు ఒక్క బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. అంతసేపు కదలకుండా ఉండటం మనిషి వల్ల కాదు గనక మెడ వెనక ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని కొక్కేనికి తల ఆనించేవారు. 1840లలో మంచి కటకాలు, చురుకైన రసాయనాలు వచ్చి నిమిషాలు సెకన్లయ్యాయి. అయినా అద్దం ముందు నిలబడి పది సెకన్లు అదే నవ్వు నిలిపి చూడండి, దవడ లాగేస్తుంది. పాత ఫొటోలు చూసి విక్టోరియా కాలం జనం ముభావులని తేల్చేస్తాం గానీ, సగం తప్పు బొమ్మను నెమ్మదిగా పట్టే ఆ పలకలది. మిగతా సగం ఖర్చుది. జీవితంలో ఒకటో రెండోసార్లు దిగే ఫొటోలో ఇకిలించడం ఎవరికి ఇష్టం?

చిత్రకారులకు ఈ బాధ లేదు. అందుకే బీచ్‌లో తీరిగ్గా ఉన్న కుటుంబం మొదట కనిపించింది కుంచె పనిలో. విలియం పావెల్ ఫ్రిత్ గీసిన ‘రామ్స్‌గేట్ శాండ్స్’ 1854లో రాయల్ అకాడమీలో ప్రదర్శనకు వచ్చింది, విక్టోరియా రాణి దాన్ని కొనుక్కుంది. నాకు అంతకంటే నచ్చేది విలియం డైస్ గీసిన పెగ్‌వెల్ బే. 1858 అక్టోబరు 5 నాటి జ్ఞాపకమని పేరులోనే రాసుకున్నాడాయన. ఆకాశంలో డొనాటి తోకచుక్క లీలగా ఉంటుంది. ముందు భాగంలో ఆయన భార్య, ఆమె ఇద్దరు చెల్లెళ్లు, కొడుకు. శాలువాలు కప్పుకుని గవ్వలు ఏరుకుంటున్నారు. తోకచుక్క ఊసు వాళ్లకు లేదు, ఎవరి ధ్యాసలో వాళ్లున్నారు. చేతుల నిండా పని.

తడి పలక, ఉప్పు గాలి

1841కి లండన్ నుంచి తీరంలోని బ్రైటన్‌కు రైలు వచ్చింది. 1871లో జాన్ లబ్బాక్ తెచ్చిన చట్టంతో బ్యాంకు సెలవులు వచ్చాయి. ఆగస్టులో ఓ సోమవారం రైలెక్కి సముద్రం చూసి రావడం మామూలు ఉద్యోగికీ అందింది. జనం చేరిన చోటికి ఫొటోవాడూ చేరాడు.

అతని పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన కొలోడియన్ పద్ధతిలో పలక తడిగా ఉండగానే పనంతా అయిపోవాలి. ముందు గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, పలకను ఒక్కో మూలకూ వంచుతూ సమంగా పారించాలి. చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టెలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి, తడి ఆరకముందే రసాయనంతో కడగాలి. మొత్తం పావుగంట లోపు. ఇదంతా ఎక్కడ? ఇసుకలో వేసిన చిన్న గుడారంలోనో తోపుడు బండి మీద కట్టిన చీకటి గూట్లోనో. గాలి వీస్తే పలక మీద ఇసుక రేణువులు అతుక్కుంటాయి. సిల్వర్ నైట్రేట్ తగిలిన వేళ్లు నల్లబడి రోజుల తరబడి అలాగే ఉంటాయి. ఆ నల్లటి వేళ్లతోనే బేరాలు పిలిచేవాళ్లు.

గాజు కన్నా చవకైన దారి అమెరికాలో దొరికింది. నల్ల లక్క పూత వేసిన పల్చటి ఇనుప రేకు మీదే బొమ్మ తీసే పద్ధతికి హ్యామిల్టన్ స్మిత్ 1856లో పేటెంటు పొందాడు. అదే టిన్‌టైప్. పగలదు, నిమిషాల్లో చేతికొస్తుంది, జేబులో వేసుకుని పోవచ్చు. చిన్న తిరకాసు ఉంది, బొమ్మ అద్దంలో లాగా కుడి ఎడమై పడుతుంది. పాత టిన్‌టైప్ చూస్తే ఎడమచేతి పెళ్లి ఉంగరం కుడిచేతికి మారి ఉంటుంది, కోటు బొత్తాలు తిరగబడి ఉంటాయి. కొన్నవాళ్లు పట్టించుకోలేదు. వాళ్లకు కావలసింది ‘సముద్రం దాకా వెళ్లొచ్చాం’ అనే సాక్ష్యం.

విచిత్రమేమంటే, తీరం ఊళ్లలో కాస్త డబ్బున్నవాళ్లు అప్పటికీ స్టూడియోకే వెళ్లేవారు. అక్కడ తెర మీద అలలు గీసి, చెక్క పడవ ముక్క ఒకటి పెట్టి ఉంచేవారు. కిటికీ తీస్తే అసలు సముద్రం.

మీట నాన్న చేతికి వచ్చింది

రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే వైద్యుడు 1871లో జెలటిన్ పలకల సూత్రం చెప్పాడు. 1878లో చార్లెస్ బెన్నెట్ వాటిని బాగా చురుకు చేశాడు. పలక పొడిగా ఉన్నా పనిచేస్తుంది, సెకనులో చిన్న వంతు చాలు. మార్టిన్ యార్మత్ వెళ్లగలిగింది ఈ పలకల పుణ్యాన. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ తెచ్చాడు. 25 డాలర్లు, లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్మ్. అయిపోయాక కెమెరాను ఉన్నదున్నట్టు కంపెనీ ఉన్న రోచెస్టర్‌కు పంపి 10 డాలర్లు కడితే, ఫొటోలతో పాటు కొత్త ఫిల్మ్ వేసిన కెమెరా తిరిగొచ్చేది. ఫొటోలు గుండ్రంగా ఉండేవి. చూసి గురిపెట్టడానికి కన్నం కూడా లేదు దానికి, అందాజాగా పట్టుకుని నొక్కడమే. అందుకే ఆ గుండ్రటి ఫొటోల్లో దిగంతం వాలిపోతుంది, తలలు తెగిపోతాయి. 1900లో బ్రౌనీ ఒక్క డాలరుకే వచ్చేసరికి పిల్లల చేతికీ కెమెరా అందింది.

అసలు మార్పు ధరలో లేదు. అంతవరకు కుటుంబం చూసింది ఎవరో తెలియని ఫొటోవాడి కళ్లలోకి. ఇప్పుడు మీట నొక్కేది నాన్న. నాన్నను చూసి బిగుసుకుపోయే పిల్లలు తక్కువ (అలాంటి నాన్నలూ ఉంటారు లెండి). ఫలితంగా ఆల్బమ్ నిండా అమ్మ, పిల్లలు, అత్తయ్య. నాన్న మాత్రం ఎక్కడా ఉండడు. ఎండ వెనకనుంచి వస్తుంటే ఇసుక మీద ఆయన నీడ పడుతుంది, అంతే.

నడిచేవాళ్లను పట్టే కెమెరాలు

నాన్న కూడా ఫొటోలో పడింది ‘వాకీ’లనే నడక ఫొటోల్లో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండ్ బీచ్ ఊళ్లలో పుట్టిన వ్యాపారం అది. ఒడ్డు వెంట ఉన్న బాట మీద ఫొటోవాడు నిలబడతాడు. కుటుంబం నడిచి వస్తుంటే అడగకుండానే తీసేస్తాడు, చేతిలో అంకె వేసిన చీటీ పెడతాడు. రాత్రంతా ప్రింట్లు వేసి మర్నాడు దుకాణం ముందు బోర్డుల మీద అంటిస్తారు. జనం ఆ ముఖాల గుంపులో తమను తాము వెతుక్కుని, అంకె చెప్పి పోస్టుకార్డు సైజు ప్రింటు కొనుక్కుంటారు. కొన్ని కంపెనీలు సినిమా కెమెరాలను మార్పు చేసి వాడాయి. వాటితో వరసగా మూడు అడుగులు మూడు ఫొటోలై ఒక్క పట్టీ మీద వచ్చేవి.

ఆ ఫొటోలు చూడటం నాకు మహా సరదా. నాన్న సముద్రం దగ్గరకు కూడా టై కట్టుకునే వచ్చాడు. అమ్మ చేతిలో సంచీ. ఒక పిల్ల గాల్లో కాలెత్తి ఉంది, ఇంకొకడు ఐస్‌క్రీమ్ నాకుతూ పక్కకు చూస్తున్నాడు. కుదురుకునే వ్యవధి ఎవరికీ లేదు. 1940లో యుద్ధం వల్ల ఇంగ్లండ్ బీచ్‌లకు ముళ్లకంచెలు పడ్డాయి. శాంతి వచ్చాక వాకీలు మళ్లీ నడిచినా, ఇంటింటా కెమెరా చేరేకొద్దీ ఆ బోర్డులు కనుమరుగయ్యాయి.

ఇప్పటి ఫొటోగ్రాఫర్లు ‘చేతులు పట్టుకుని నా వైపు పరిగెత్తండి’ అంటారు కదా, దానికీ ఓ తాత ఉన్నాడు. హంగరీ నుంచి వచ్చిన మార్టిన్ ముంకాచీ ఆటల పోటీల ఫొటోగ్రాఫర్. 1933లో హార్పర్స్ బజార్ పత్రిక కోసం న్యూయార్క్ పక్క లాంగ్ ఐలాండ్ బీచ్‌లో, చలిగాలిలో, స్నానపు దుస్తుల మీద పై వస్త్రం వేసుకున్న మోడల్ లూసీల్ బ్రోకాను తన వైపు పరిగెత్తమన్నాడు. అంతవరకు ఫ్యాషన్ ఫొటో అంటే దీపాల కింద నిలబడ్డ బొమ్మ. పత్రిక డిసెంబరు సంచికలో ఆ పరుగు అచ్చయ్యాక ఆ కట్టుబాటు సడలింది.

పని లేకపోతే ఏమవుతుందో కూడా ఒకామె చూపించింది. పాల్ మార్టిన్ యార్మత్‌లో తిరిగిన సరిగ్గా వందేళ్లకు, 1992లో, నెదర్లాండ్స్ ఫొటోగ్రాఫర్ రీనెకె డైక్‌స్ట్రా పోలండ్‌లోని కోవోబ్జెగ్ బీచ్‌లో స్టాండు మీద పెద్ద కెమెరా పెట్టి, ఆకుపచ్చ ఈతదుస్తుల్లో ఉన్న ఓ అమ్మాయిని నిలబెట్టింది. కెమెరా కాస్త కిందికి, పట్టపగలే ఫ్లాష్, వెనక బోసిగా సముద్రం. చేయడానికి ఏమీ లేదు. పట్టుకోవడానికి కుర్చీ కూడా లేదు. ఒంటి బరువు ఒక కాలి మీద వేసి, చేతులు వేలాడేసి నిలబడిందా పిల్ల. కౌమారంలోని ఇబ్బందంతా ఆ భుజాల్లో కనిపిస్తుంది. గొప్ప ఫొటోయే, కానీ మన ఇంటి గోడకు అలాంటిది ఎవరం అడగం.

మన ఒడ్డున వెలుగు వేరు

చెన్నై మెరీనాలో సినిమా తారల కటౌట్ల పక్కన నిలబడి ఫొటో దిగిన తెలుగు కుటుంబాలకు లెక్క లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఆ పాత్ర పోషిస్తోంది. ఫిల్మ్ రోజుల్లో బీచ్ ఫొటోగ్రాఫర్లు డబ్బు, చిరునామా తీసుకుని ప్రింట్లు పోస్టులో పంపేవారు. ఇప్పుడు చిన్న ప్రింటరు పక్కనే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం మనవాళ్లు గమనించాలి. సముద్రంలో కుంగుతున్న సూర్యుడు వెనకాల ఉండేలా నిలబడమని ఫోన్లో సలహాలు కనిపిస్తుంటాయి. అవి కాలిఫోర్నియాకో గోవాకో పనికొస్తాయి. మన బంగాళాఖాతంలో సూర్యుడు ఉదయిస్తాడు, సాయంత్రం ఊరి వెనక్కి పోతాడు. పొద్దున్నే సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ముఖాలు నల్లగా పడతాయి. మెరిసే నీళ్లనూ ఇసుకనూ చూసి కెమెరా వెలుగు తగ్గించేసుకుంటుంది మరి. అప్పుడు ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి, లేదా ఫ్లాష్ వేయాలి. సాయంత్రం ఎండ నేరుగా ముఖాన కొట్టి కళ్లు చికిలించుకుంటారు. సూర్యుడు మేడల చాటుకో కొండ చాటుకో వెళ్లేదాకా ఆగండి. ఆ తర్వాత కొద్దిసేపు వెలుగు మెత్తగా పరుచుకుంటుంది, తడి ఇసుక కిందనుంచి కూడా కాస్త కాంతి విసురుతుంది. పిల్లలకు గవ్వలు ఏరమని చెప్పండి. తాతయ్య చేతికి మొక్కజొన్న పొత్తు ఇవ్వండి. అమ్మమ్మను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలో రెండడుగులు వేయమనండి. ‘నవ్వండి’ అని మాత్రం అనకండి.

ఇంకొకటి. వాకీలు ఇవాళ పాత సామాన్ల దుకాణాల్లో, సేకరణకర్తల పెట్టెల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలామంది ఎవరో చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే వెనక ఎవరూ ఏమీ రాయలేదు. మీ ఫోన్లో ఉన్నవాటిలో మంచివి నాలుగు ప్రింటు వేయించండి. వెనక పేర్లు, ఊరు, తేదీ రాయండి. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి, మెత్తటి పెన్సిలో మార్కరో వాడండి. ఫొటో తీసినవాళ్ల పేరు కూడా రాయడం మరిచిపోకండి.