మేయరుగారి బురుజు గది

పదోన్నతి పత్రం అందిన ఇంట మొదట జరిగేది మిఠాయిల పంపకం. రెండవది, పిల్లలు నిద్రపోయిన తరువాత భార్యాభర్తలు కూర్చుని వేసుకునే లెక్క. జీతం ఎంత పెరుగుతుంది, ఊరు మారవలసి వస్తుందా, సాయంకాలాలు ఎన్ని మిగులుతాయి? ఈ మధ్య మా ఇంట కూడా ఆ లెక్క జరిగింది. తేలలేదు. తేలని లెక్కలను చరిత్ర వద్దకు తీసుకుపోవడం నాకు పాత అలవాటు.

ఇటువంటి వేళ మనకు సహజంగా గుర్తుకు వచ్చేది పోతన. రాజాశ్రయాన్ని కాదని హలం పట్టిన కవిగా ఆయనను తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ గాథ మనసును తేటపరుస్తుంది. కానీ నెల తిరిగేసరికి అప్పు వాయిదా కట్టవలసిన గృహస్థుకు అది దారి చూపదు. అంత నిశ్చయంగా కాదనగలిగిన వానికి ఈ సంశయమే కలగదు కదా! నాకు కావలసినది కావాలనీ వద్దనీ రెండూ అనిపించిన మనిషి. అటువంటివాడు పదహారవ శతాబ్దపు ఫ్రాన్సులో దొరికాడు.

మిషెల్ ద మోంతేన్ 1533 ఫిబ్రవరి 28న జన్మించాడు. వ్యాసమనే ప్రక్రియకు పాశ్చాత్య సాహిత్యంలో రూపమూ పేరూ ఇచ్చినవాడు. అయితే ఆ కీర్తి తరువాతి మాట. 1557 నుండి అతడు బోర్డో నగరపు ఉన్నత న్యాయస్థానంలో ఉద్యోగి. 1568లో తండ్రి మరణించగా ఇల్లూ, భూములూ, ద్రాక్షతోటలూ అతని చేతికి వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరమే అతడు న్యాయస్థానంలో పై విభాగానికి వెళ్ళాలని కోరాడు. కోరిక నెరవేరలేదు. అక్కడ అప్పటికే అతని మామగారు ఉన్నారు, దగ్గరి బంధువులు ఒకే విభాగంలో ఉండరాదన్న నియమం అడ్డు వచ్చింది. రాజుగారి నుండి మినహాయింపు తెచ్చుకొనే మార్గం ఉన్నా అతడు ఆ పని చేయలేదు. 1570లో పదవినే వేరొకరికి అమ్మివేశాడు. ఆనాటి ఫ్రాన్సులో న్యాయపదవుల క్రయవిక్రయాలు మామూలే.

1571లో, ముప్పది ఎనిమిదవ పుట్టినరోజున, ఇంటి గోడపై లాటిను భాషలో ఒక శాసనం రాయించుకున్నాడు. రాజాస్థానపు, ప్రభుత్వ కార్యాల కొలువుతో విసిగిన తాను మిగిలిన ఆయుష్షును స్వేచ్ఛకూ, ప్రశాంతతకూ, విరామానికీ అంకితం చేస్తున్నానని దాని సారాంశం. సాహిత్య చరిత్రలు ఈ శాసనాన్ని ఘనంగా స్మరిస్తాయి. దాని వెనుక ఒక తిరస్కృతమైన అర్జీ ఉన్నదని అంత తరచుగా చెప్పవు. అందని ద్రాక్షపండ్ల కథేనా ఇది? కొంత కావచ్చు. కానీ మినహాయింపు కోసం ప్రయత్నించకపోవడంలోనే అతని మనసు అప్పటికే ఇంటి వైపు మళ్ళిందని నాకు తోస్తుంది. పై మెట్టు అందనప్పుడు, అది తనకు ఎంత అవసరమో మనిషికి తెలిసి వస్తుంది.

ఇంటి ప్రాంగణపు మూలన ఒక గుండ్రని బురుజు. కింద ప్రార్థనాలయం, దానిపైన పడకగది, అన్నిటికంటే పైన గ్రంథాలయం. దూలాలపై గ్రీకు, లాటిను సూక్తులు రాయించాడు. కిటికీలలోంచి తోటా, పెరడూ, వచ్చేపోయే మనుషులూ కనిపిస్తారు. 1885లో ప్రధాన భవనం అగ్నికి ఆహుతి అయినా ఆ బురుజు మిగిలింది. ఇంట్లోనే ఉంటూ ఇంటికి ఒకింత ఎడంగా ఉండే చోటు అది. ప్రతి మనిషీ తన మనసు అనే దుకాణానికి వెనుక, పూర్తిగా తనదైన ఒక చిన్న గది ఉంచుకోవాలని అతడు తరువాత రాశాడు.

విరామం అనుకున్నంత మధురంగా సాగలేదు. పని లేని మనసు కళ్ళెం తెగిన గుర్రంలా పరుగులు తీసిందని తానే ఒప్పుకున్నాడు. ఆ పరుగులను కాగితం మీద పెట్టడమే వ్యాసాలకు నాంది. మొదటి సంపుటాలు 1580లో వెలువడ్డాయి.

ఆ ఏడే, మూత్రపిండాలలో రాళ్ళతో బాధపడుతూ, స్నానజలాల చికిత్స కోసమూ లోకం చూడాలన్న కోరికతోనూ ప్రయాణమయ్యాడు. 1581 సెప్టెంబరులో ఇటలీలోని లూకా పరిసరాలలో ఉండగా కబురు వచ్చింది: బోర్డో ప్రజాప్రతినిధులు తనను మేయరుగా ఎన్నుకున్నారు! అడగని పదవి అది. తప్పించుకోవాలని చూశాడు. మూడవ ఆన్రీ రాజు లేఖ రాసి, ఆలస్యం లేకుండా బాధ్యత స్వీకరించమన్నాడు. ఇక కాదనడం కుదరలేదు.

అతడు వెనుకాడింది సోమరితనం వల్ల మాత్రమే కాదు. తండ్రి పియేర్ కూడా 1554 నుండి 1556 వరకు అదే నగరానికి మేయరు. ఊరి వ్యవహారాలలో మునిగి, ఇంటినీ ఆరోగ్యాన్నీ మరచి, నగరం కోసం సుదీర్ఘ ప్రయాణాలు చేస్తూ, లోలోపల నలిగిపోయిన ఆ తండ్రిని కుమారుడు పడుచువయసులో చూశాడు. మూడు దశాబ్దాల తరువాత రాసిన వ్యాసంలో ఆ రూపాన్ని తలచుకున్నాడు. తండ్రి మంచితనాన్ని మెచ్చుకున్నాడు, ఆ దారిన మాత్రం పోనన్నాడు.

బోర్డో చేరగానే నగర పెద్దలకు తన లోపాలు ముందే విప్పి చెప్పాడు. జ్ఞాపకశక్తి లేదు, చురుకుదనం లేదు, అనుభవం లేదు, అయితే ద్వేషమూ పేరాశా కూడా లేవన్నాడు. మా నాన్నగారు నలిగినట్లు నేను నలుగుతానని ఆశించవద్దని హెచ్చరించాడు. పదవిని చేతులతో మోస్తాను గానీ గుండెలోకి దింపుకోననడం అతని పద్ధతి. పదవి తొడుక్కునే చొక్కా వంటిదనీ, దానిని ఒంటి చర్మమని భ్రమపడరాదనీ అతని అభిప్రాయం.

మరి ఇది పని ఎగవేతకు అందమైన పేరా? చరిత్ర అలా చెప్పదు. రెండేళ్ళ గడువు ముగిశాక, 1583లో, అతనిని మళ్ళీ ఎన్నుకున్నారు. అటువంటి గౌరవం అంతకు మునుపు అరుదు. కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ అంతర్యుద్ధం నడుస్తున్న కాలమది. 1585లో నగరంలో కుట్ర అనుమానం ఉన్నప్పుడు సాయుధ దళాల కవాతు జరగవలసి వచ్చింది. తుపాకులు గాలిలో పేలిస్తే గుండు తమ వైపు తిరగవచ్చునని కొందరు భయపడ్డారు. మోంతేన్ మాత్రం, అనుమానం బయట పెట్టవద్దు, తలెత్తుకుని వారి మధ్య నిలబడదాం, మందుగుండుకు లోటు చేయవద్దన్నాడు. కవాతు శాంతంగా ముగిసింది.

ఆ వేసవిలోనే బోర్డోను ప్లేగు చుట్టుముట్టింది. అతని పదవీకాలం ముగియడానికి రోజులే మిగిలాయి. నగరం వెలుపల ఉన్న మోంతేన్, కొత్త ఎన్నికకు తాను లోపలికి రావడం అవసరమా అని నగర పెద్దలకు లేఖ రాశాడు. చివరకు నగర ద్వారం దాటలేదు. తరువాతి కాలపు విమర్శకులు దీనిని పిరికితనమన్నారు. రోగం అతని ఇంటి పరిసరాలకూ పాకింది. తల్లినీ భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని, భయంతో ఎవరూ ఆశ్రయమివ్వని ఆ కుటుంబానికి తానే దారి చూపుతూ ఆరు నెలలు తిరిగాడు. ఒకవైపు లాంఛనంగా పదవి అప్పగించే చివరి సభ, మరొకవైపు ఈ మనుషులు! ఆరుగురు కుమార్తెలలో బతికినది లియొనోర్ ఒక్కతే. ఆ తండ్రిని పిరికివాడనడానికి నాకు నోరు రాలేదు. పూర్తిగా సమర్థించడానికీ కలం సాగలేదు, ఎందుకంటే ఆ నగరంలోనూ ఎందరో తండ్రులున్నారు.

ఇంకొక మాట కూడా చెప్పకపోతే ఈ కథ సగమే. బురుజు గదిలో అతనికి దొరికిన తీరిక ఊరకే రాలేదు. వారసత్వపు భూములు అన్నం పెట్టాయి. భార్య ఫ్రాన్స్వాజ్ ఇంటినీ కమతాన్నీ చూసుకుంది. అతడు దేశాలు తిరిగిన పదిహేడు నెలలూ ఆ భారమంతా ఆమెదే. తనకంటూ ఒక గది ఉంచుకోవాలన్న సలహా గొప్పదే. ఆ గది ఆమెకు ఉన్నదా అన్న ప్రశ్నకు వ్యాసాలలో జవాబు లేదు. పురుషుడు తన విరామం గురించి మాట్లాడే ప్రతిసారీ ఈ ప్రశ్న పక్కనే నిలబడుతుంది.

మా నాన్నగారి పదోన్నతులు నాకు బాగా గుర్తు. ప్రతి రెండు మూడేళ్ళకు కొత్త ఊరు, కొత్త బడి, లారీలో సగం విరిగి చేరే సామాను. మాకోసమే అంతా చేస్తున్నారని అమ్మ చెప్పేది. అది నిజమే. ఆయన రిటైరయి ఇంటికి వచ్చేసరికి ఆ ఇంట్లో పిల్లలం లేము. ఇదీ నిజమే. మోంతేన్ తన తండ్రి గురించి రాసిన నాలుగు వాక్యాల దగ్గర నేను అంతసేపు ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు చెప్పనవసరం లేదనుకుంటాను.

పదవిని పుచ్చుకోవాలా వద్దా అని అడుగుతూ నేను ఈ చరిత్రలోకి వెళ్ళాను. పుచ్చుకుంటే ఎంతవరకు ఇస్తావన్న ప్రశ్నతో బయటకు వచ్చాను. మోంతేన్ చేసిన పనులలో నాకు అన్నిటికంటే ఉపయోగపడేది ఆ మొదటి రోజు ప్రసంగం: ఇవ్వలేనివి ముందే చెప్పడం. నిన్న కార్యాలయానికి జవాబు రాశాను. పదోన్నతికి సమ్మతి తెలుపుతూ, ఊరు మారలేననీ, సాయంత్రం ఆరు దాటాక ఉండలేననీ రెండు వాక్యాలు చేర్చాను. ఆ రెండు వాక్యాలతో పత్రం వెనక్కి పోవచ్చు. పోతే పోనీ అనుకునే ధైర్యం ఇంకా పూర్తిగా చిక్కలేదు.

పంపే ముందు ఉత్తరం మా ఆవిడకు చూపించాను. చదివి, "ఆరు తరువాత మీరు ఇంట్లో ఉంటే, ఆ గంట నాకు కావాలి," అన్నది. ఆ గంట ఆమెదని ఒప్పుకున్నాను.