జీపు 4x4 ఎలా అయ్యింది? మన పాత డీజిల్ పికప్‌కి 1940 నాటి పాఠం

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక బండి చరిత్ర చెప్పుకుందాం. కానీ మొదలుపెట్టేది మన ఇంటి ముందు నుంచే.

అనంతపురం వైపు ఒక పల్లె అనుకోండి. ఇంట్లో పాత డీజిల్ పికప్ ఉంది. శనక్కాయ మూటలు, డ్రిప్పు పైపులు, బోరు మోటారు, పశువుల మేత, అన్నీ దాని మీదే. పవర్ వెనక చక్రాలకి మాత్రమే. గుట్ట వారన ఉన్న చేనికి లోడ్‌తో ఎక్కదు. వంక ఇసుకలో దిగబడితే ట్రాక్టర్ రావాల్సిందే. కొడుకు ఫోన్‌లో వీడియోలు చూసి, "నాయనా, దీన్ని ఫోర్ బై ఫోర్ చేపిద్దాం. పాత జీపు సామాన్లు దొరుకుతాయంట" అన్నాడు. నాయన రెండే మాటలు అడిగినాడు: "ఎంతయితాదిరా? అయినాక పని చేస్తాదా?"

మొదటిదానికి జవాబు షెడ్డు మేస్త్రీ చెప్తాడు. రెండోదానికి జవాబు కావాలంటే మాత్రం 1940కి వెళ్లాలి. ఎందుకంటే మొట్టమొదటి జీపు తయారు చేసినవాళ్లు కూడా సరిగ్గా ఇదే పని చేశారు. ఉన్న సామాన్లు ఏరుకొచ్చి నాలుగు చక్రాల బండి కట్టారు.

ఆ ఏడాది అమెరికా సైన్యానికి ఒక చిన్న, తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావాల్సి వచ్చింది. నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. పెద్ద కంపెనీలు వెనకాడాయి. పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే ఊళ్లో, దివాలా అంచున ఉన్న అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ మాత్రం చేస్తానంది. అక్కడికి ఇంజనీర్‌గా వచ్చిన కార్ల్ ప్రోబ్స్ట్ ముందు దేని గురించి ఆలోచించాడో తెలుసా? ఇంజన్ గురించి కాదు. ముందు ఆక్సిల్ ఎవరిస్తారు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఎవరిస్తారు అని. ఇంజన్లు బజార్లో దొరుకుతాయి, ఆ రెండూ అంత సులభంగా దొరకవు. స్పైసర్ అనే కంపెనీ ముందుకొచ్చింది. స్టూడీబేకర్ చాంపియన్ అనే మామూలు కారు ఆక్సిల్‌ని ఆధారం చేసుకుని ఈ బండికి ఆక్సిల్స్ తయారయ్యాయి. 1940 సెప్టెంబర్ 23న నమూనా బండి సైన్యం చేతికి చేరింది.

ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్పుకుందాం. గేర్‌బాక్స్ వెనక ఇంకో చిన్న గేర్‌బాక్స్ అనుకోండి. దానికి రెండు పనులు. ఒకటి, వచ్చిన పవర్‌ని ముందు షాఫ్ట్‌కీ వెనక షాఫ్ట్‌కీ పంచడం. రెండోది, 'లో' వేస్తే బండిని ఇంకా నెమ్మది చేసి బలం పెంచడం. మనోళ్లు మొదటి పని మాత్రమే చూస్తారు. అసలు కథ రెండోదాంట్లో ఉంది.

బాంటమ్ తర్వాత విల్లీస్, ఫోర్డ్ రంగంలోకి దిగాయి. యుద్ధం అయ్యేలోపు ఆ రెండు కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 1945లో యుద్ధం ముగిసింది. ఇప్పుడు ఈ బండిని ఎవరికి అమ్మాలి? విల్లీస్ రైతుల వైపు చూసింది. సీజే-2ఏ అని సివిలియన్ జీపు తెచ్చింది. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక నుంచి షాఫ్ట్ తీసి పొలం యంత్రాలు తిప్పుకునే ఏర్పాటు కూడా ఇచ్చింది.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. సైన్యం జీపుకీ రైతు జీపుకీ నాలుగు చక్రాలే. మరి ఏం మార్చారు? సైన్యం బండిలో ఫస్ట్ గేర్ 2.66, ట్రాన్స్‌ఫర్ కేస్ లో 1.97, క్రౌన్-పినియన్ 4.88. మూడూ గుణిస్తే దాదాపు 25.6. అంటే ఇంజన్ 25.6 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. రైతు బండిలో ఫస్ట్ గేర్ 2.80, లో 2.43, క్రౌన్-పినియన్ 5.38. గుణిస్తే దాదాపు 37. చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, కానీ లాగే బలం ఇంచుమించు సగం పెరిగింది. పొలానికి కావాల్సింది ఇంకో చక్రం కాదు, లోతైన గేరు అని వాళ్లకి అర్థమైంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఇండియాకి వద్దాం. 1945 అక్టోబర్ 2న లూధియానాలో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఒక ఉక్కు వ్యాపారం మొదలైంది. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. ఇక్కడ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయ్యింది. 1940ల చివర్లో బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. 1952 అక్టోబర్ 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాకులు వచ్చాక పల్లెలకి 'బీడీఓ జీపు' తెలిసింది. మన తాతల కాలంలో జీపు వచ్చిందంటే గవర్నమెంట్ వచ్చినట్టే.

పెట్రోల్ తాగే ఆ జీపు డీజిల్‌కి మారడం ఇంకో మలుపు. 1979లో ఫ్రాన్స్‌లోని ప్యూజో నుంచి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్ తయారీకి మహీంద్రా లైసెన్స్ తీసుకుంది. 1985లో వచ్చిన ఎంఎం540లో ఆ ఇంజనే ఉంది. కానీ కింద ట్రాన్స్‌ఫర్ కేస్ మాత్రం ఆ పాత స్పైసర్ మోడల్ 18 వంశమే! పైన ఇంజన్ మారింది, దేశం మారింది, కింద గేర్ల పెట్టె మారలేదు. అందుకే ఈరోజుకీ పాత జీపు సామాన్లు షెడ్లలో దొరుకుతున్నాయి. మన కుర్రాడికి ఆశ పుట్టింది కూడా అందుకే.

సరే, సామాన్లు దొరికాయి. పికప్‌కి పట్టించొచ్చా? కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, షాఫ్ట్ ఏ పక్క నుంచి వస్తుంది? మోడల్ 18లో ముందు, వెనక షాఫ్టులు రెండూ బండి మధ్యలో నుంచి కాదు, కుడిపక్కకి జరిగి వస్తాయి. అందుకే ఆ జీపుల్లో వెనక డిఫరెన్షియల్ గుండు కూడా కుడికి జరిగి ఉంటుంది. మామూలు టూ-వీల్ పికప్‌లో గుండు సాధారణంగా మధ్యలో ఉంటుంది. అంటే కేస్ ఒక్కటే కొంటే చాలదు, వెనక ఆక్సిల్ కూడా మార్చాలి. లేదా వెనక షాఫ్ట్ మధ్యలో నుంచి ఇచ్చే వేరే రకం కేస్ వెతకాలి. చాలామంది డబ్బులు ఇక్కడే పోతాయి.

రెండోది, ముందు వెనక క్రౌన్-పినియన్ లెక్క ఒకటేనా? ముందు 5.38, వెనక 4.27 అనుకోండి. 4x4 వేయగానే కేస్ రెండు షాఫ్టుల్నీ ఒకే వేగంతో తిప్పుతుంది. కానీ ముందు చక్రం ఒక వేగం, వెనక చక్రం ఇంకో వేగం అడుగుతాయి. ఇసుకలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు, ఆ ఒత్తిడంతా షాఫ్ట్ క్రాసులు, గేర్ పళ్ల మీద పడుతుంది. ఏదో ఒకటి విరుగుతుంది. ముందు, వెనక టైర్ల సైజు కూడా ఒకటే ఉండాలి.

మూడోది, ముందు ఆక్సిల్. ఆ చక్రం రెండు పనులు చేయాలి. పవర్‌తో తిరగాలి, స్టీరింగ్‌తో పక్కకి మళ్లాలి. దానికి ప్రత్యేకమైన జాయింట్లు కావాలి. యుద్ధ కాలంలో అమెరికాకే ఆ జాయింట్ల తయారీ తలనొప్పి అయ్యింది. పైగా కమాన్ పట్టీలు, స్టీరింగ్ రాడ్లు, బ్రేకులు అన్నీ దానికి తగ్గట్టు మారాలి.

ఇప్పుడు మన నేల సంగతి. అనంతపురంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు. బురదలో ఇరుక్కునే రోజులు తక్కువ. బొమ్మనహాళ్, కణేకల్ వైపు హగరి ఇసుక దిబ్బల్లో అయితే నాలుగు చక్రాలూ లాగడం నిజంగా అక్కరకొస్తుంది. కానీ ఎర్ర గరుసు నేల మీద, రాళ్ల గుట్ట వారన, లోడ్‌తో ఎక్కడానికి చాలాసార్లు కావాల్సింది లోతైన గేరే. మన పికప్ ఫస్ట్ గేర్ 4, క్రౌన్-పినియన్ 4.5 అనుకోండి. గుణిస్తే 18. అంటే 1945 నాటి రైతు జీపులో సగం! బండి ఎక్కలేకపోవడానికి కారణం ముందు చక్రాలు కాకపోవచ్చు. అలాగని ఊరికే లో గేరు తగిలించినా ప్రమాదమే. 2.46 లో పెడితే ఆ 18 కాస్తా 44 అవుతుంది. 18కి తట్టుకునేలా చేసిన వెనక ఆక్సిల్ రాడ్లు 44కి తట్టుకుంటాయా అన్నది ముందే చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి, ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడేది ఇంట్లోవాళ్లే. అందుకే సామాను కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. అక్కడ కుదరదంటే పాత బండి అమ్మి, కంపెనీలోనే 4x4గా వచ్చిన సెకండ్‌హ్యాండ్ పికప్ చూసుకోవడం తెలివైన పని. బొలెరో క్యాంపర్‌లో అలాంటివి వచ్చాయి.

నాయన అడిగిన ప్రశ్నకి మళ్లీ వద్దాం. "అయినాక పని చేస్తాదా?" చేస్తుంది, సామాన్లు ఒకదానికొకటి లెక్క కుదిరితే. 1940లో ప్రోబ్స్ట్ దగ్గర 49 రోజులే ఉన్నా, ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాకే బండి కట్టాడు. మనకి అంత తొందర కూడా లేదు. కాబట్టి షెడ్డుకి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. మీ బండి ఫస్ట్ గేర్ ఎంత, క్రౌన్-పినియన్ ఎంత, గుండు ఏ పక్కన ఉంది, మూడూ రాసుకోండి. ఆ కాగితం నాయనకి చూపించి, తర్వాతే డబ్బులు అడగండి.

ఇంకో బండి కథతో మళ్లీ కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.