దోమలగూడ మీద గీసిన గీతలు

హుస్సేన్ సాగర్ నిండినప్పుడు దాని నీటి అంచే ఒక సమోన్నత రేఖ. ఆ అంచు వెంట ఎక్కడ నిలబడినా నేల ఎత్తు ఒక్కటే, అధికారుల లెక్కలో 513.41 మీటర్లు. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ ఆ చెరువు కట్టించిన ఇరవై రెండేళ్ళకు, 1584లో, డచ్చి దేశంలో పీటర్ బ్రూయిన్స్ అనే సర్వేయరు స్పార్నే నది పటంలో సమానమైన లోతులను గీతతో కలిపాడు. ఈ విద్య కొండల దగ్గర కాక నీళ్ళ దగ్గర పుట్టడం నాకు సబబుగానే తోస్తుంది.

కొండల మీదికి అది ఎక్కడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది. 1774లో స్కాట్లండులోని షిహాలియన్ కొండ వద్ద మాస్కెలిన్ చేయించిన కొలతలను లెక్కగట్టే పని చార్లెస్ హటన్ మీద పడింది. కాగితం నిండా అంకెలు. సమానమైన ఎత్తులను సన్నని గీతతో కలిపి చూస్తే కొండ రూపు తేలింది. అయితే ఆ గీత పోయిన చోటల్లా ఎవరూ కొలవలేదు. రెండు కొలతల నడుమ గీత ఊహ మీదనే నడుస్తుంది.

గణాంకశాస్త్రజ్ఞులు వాడే ఆర్ భాష నేటికీ చేసేది అదే. పక్కపక్క బిందువుల ఎత్తులు 498, 503 అనుకుందాం. 500 గీత వాటి నడుమ ఐదింట రెండు వంతుల దూరాన పోతుందని "కాంటూర్" ఆదేశం తీర్మానిస్తుంది. అక్కడ నాలా ఉన్నా, ప్రహరీ ఉన్నా దానికి పట్టదు. ఈ భాష నేర్చుకునే వారు చాలామంది గీసేది ఆక్లండులోని మౌంగా ఫౌ అగ్నిపర్వతాన్ని. పది మీటర్ల గళ్ళలో 87 వరుసలు, 61 నిలువులు. భాష సృష్టికర్తల్లో ఒకరైన రాస్ ఇహాకా ఒక పటం నుండి ఎక్కించిన ఆ అంకెలను కచ్చితమైనవిగా ఎంచవద్దని దాని వివరణలోనే రాసి ఉంటుంది. ఎంతమంది చదివారో!

2000 ఫిబ్రవరిలో రెండు సంగతులు జరిగాయి. 11 నుండి 22 వరకు అమెరికా వ్యోమనౌక ఒకటి రాడారుతో భూమి ఎత్తులను కొలిచింది. 29న ఆర్ 1.0.0 వెలువడింది. ఆ ఆగస్టు 24 నాటికి ఒక్క రోజులో హైదరాబాదులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. సాగర్ మిగులు నీరు నాలా దాటి దోమలగూడ, అశోక్‌నగర్ ఇళ్ళలోకి వచ్చింది.

ఆ రాడారు అంకెలు తరువాత అందరికీ అందుబాటులోకి వచ్చాయి. మొదట మనకు దొరికిన వాటిలో ఒక్కొక్క గడి తొంభై మీటర్లు. నాలా అంతకన్నా ఎంతో సన్నం. ఎత్తులో పదహారు మీటర్ల దాకా తేడాను వాటి నిర్మాతలే ఒప్పుకున్నారు. ఇళ్ళను ముంచడానికి మనిషి లోతు నీరు చాలు. పైగా రాడారుకు తగిలేది నేల కాదు, డాబా.

అందుకే నాకు నున్నని గీతల కన్నా "లెవెల్‌ప్లాట్" అంటే మక్కువ. దీపాయన్ సర్కార్ అనే బెంగాలీ పండితుడు రాసిన లాటిస్ ప్యాకేజీలోనిది. అది గడికొక రంగు పూసి ఊరుకుంటుంది. చూడటానికి మొరటుగా ఉన్నా, మన కొలత ఎంత ముతకదో దాచదు. ఇవే అంకెలకు పది మీటర్ల అంతరంతో గీతలు గీయించండి: నాలా గట్టూ, ఎదురుగా ఉన్న ఇల్లూ ఒకే పట్టీలో పడతాయి. ఒక మీటరు అంతరంతో గీయమంటే ఆర్ కాదనదు. బోలెడు గీతలు, అందమైన వంపులు. అవి తిరిగేది మాత్రం దోమలగూడ డాబాల చుట్టూ.