మా సద్ది మేమే కట్టుకుపోయాం

ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో పుట్టినోళ్ళని ఎవర్నన్నా అడగండి. "బియ్యం కిరస్తానీలు" అనే మాట ఎన్నిసార్లు విన్నారో చెప్తారు. కరువులో దొర గంజి పోశాడు, ఆ గంజికి ఆశపడి మతం పుచ్చుకున్నారు - మామీద ఊరు చెప్పే చరిత్ర ఇదీ. టీకొట్టు కాడ మోతుబర్లు చెప్పారు, బళ్ళో పంతుళ్ళు చెప్పారు. చదువుకున్న పెద్దలు కూడా అదే మాటని కాస్త మర్యాదగా చెప్పారు. నూటయాభై ఏళ్ళు దాటిన సంఘాన్ని ఒక ముంతెడు గంజిలో ముంచేశారు. ఆ గంజి లెక్క తేలాలంటే ముందు తేదీలు చూడాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగు దేశానికొచ్చింది 1836లో. 1840లో నెల్లూరులో మకాం పెట్టింది. ఏళ్ళ తరబడి చేరినోళ్ళు పట్టుమని పదిమంది లేరు. ఇంక ఎత్తేద్దామా అని అమెరికాలో తర్జనభర్జనలు పడ్డారు. పటంలో ఒంటిగా ఉన్న ఈ మిషన్‌ని "ఒంటరి నక్షత్రం" అన్నారు. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది. సభ్యులు ఎనిమిది మంది. అప్పటికి కరువూ లేదు, గంజీ లేదు.

మరి సంఘం ఎట్టా పెరిగింది? ఆ సంగతి చెప్పాలంటే దొరతో కాదు, ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలుపెట్టాలి. పేరయ్యది తాళ్ళకొండపాడు. మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదిగా ఏలూరు వైపు పోయొచ్చేవాడు. అంతకుముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు, దేవుడంటే ఏంటని నలుగురితో వాదించినవాడు. తోళ్ళ పని మీద పోయిన చోట యేసు మాట విన్నాడు. నమ్మాడు. ఒంగోలుకి వచ్చి 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. దొర పేరయ్యని వెతుక్కుంటా పోలేదు. పేరయ్యే దొరని వెతుక్కుంటా వచ్చాడు.

తర్వాత పేరయ్య చుట్టాల ఊళ్ళన్నీ తిరిగాడు. మావాళ్ళకి ప్రతి ఊళ్ళో ఒక చుట్టం ఇల్లుంటుంది, తోలు బేరం ఉంటుంది, పిల్లనిచ్చిన సంబంధం ఉంటుంది. ఆ దారులెమ్మటే ఆ మాట పాకింది. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెలనించి జనం వచ్చి కూచునున్నారు. నాలుగు రోజులుండి వినడానికి వచ్చారు. బట్టలూ, తిండిగింజలూ మూట కట్టుకొచ్చారు. ఆ తడవ 28 మంది బాప్తిస్మం పొందారు. ఎవరి గంజి తాగి పొందారు? ఎవరి సద్ది వాళ్ళే కట్టుకొచ్చారు.

అప్పుడు సంఘంలో చేరేవాళ్ళకి మూడు షరతులు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. ఇవాళ వింటే చిన్న సంగతుల్లా ఉంటాయి. కానీ మాదిగోడి బతుకేంది? కాపు పొలంలో కపిల తోలేటప్పుడు తోలు బాన చినిగితే, అది ఏ వారమైనా పరిగెత్తాలి. ఊళ్ళో గొడ్డు చస్తే మోసుకుపోవాలి. జాతరొస్తే డప్పు కొట్టాలి. వీటికే కళ్ళంలో నాలుగు గింజలు పెట్టేవాళ్ళు. ఆదివారం రానన్నోడు, జాతరలో డప్పు కొట్టనన్నోడు ఊరితో తగువుకి దిగినట్టే. పనులు మాన్పించారు. బావుల దగ్గరికి రానివ్వలేదు. కొట్టారు. అంటే మతంలో చేరితే కూడు దొరకడం కాదు, ఉన్న కూడు పోయింది. మాదిగలు చేరేసరికి పెద్ద కులాల పిల్లలు మిషన్ బడి మానేశారు కూడా.

ఇక కరువు. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిలో జనం పిట్టల్లా రాలిపోయారు. సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్వించింది. క్లౌ దొర మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. మట్టి తవ్వించే మేస్త్రీలుగా మన బోధకుల్నే పెట్టాడు. పని చేసినోళ్ళకి కూలి దొరికింది. అది దానం కాదు. ఊరు ఎగరేసుకుపోయే మాట ఇక్కడే ఉంది. కరువు సాగినంతకాలం, సుమారు 15 నెలలు, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినోళ్ళని వద్దన్నాడు. రేపు బియ్యం కోసమే చేరారంటారని ఆయనకి తెలుసు.

సహాయం పనులు అయిపోయాయి. 1878 జూన్‌లో బోధకులు మాత్రమే రండని కబురు పెడితే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి జనం విరుచుకుపడ్డారు. ఇంక ఇచ్చేది ఏమీ లేదు, పొండి అన్నా కదల్లేదు. అరచేతుల్లో కాయలు చూపించారు. కష్టపడి బతగ్గలం, మాకు డబ్బులొద్దు అన్నారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నీళ్ళల్లో దిగారు. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది ముగిసేలోగా 9,606. జులై 3న పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఏట్లో నిలబడి ముంచి లేపింది ఎవరు? ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు. కొన్నేళ్ళలోనే ఒంగోలుది ప్రపంచంలో పెద్ద బాప్టిస్టు సంఘం అన్న పేరొచ్చింది.

గుళ్ళో పండగలకి దొర పేరు పదిసార్లు వింటూ పెరిగాను. పేరయ్య పేరు ఒకసారి వినిపిస్తే గొప్ప. దొర చేసిన మేలు కాదనను. బడి పెట్టాడు, అక్షరం ఇచ్చాడు. మా అవ్వ బైబిలు కూడబలుక్కుని చదివిందంటే ఆ పుణ్యమే. కానీ మా వాళ్ళ కాళ్ళరిగిన కథని దొర జీవితచరిత్రలో ఒక పేజీ చేశారు. అంతేకాదు, చర్చి మాచేత డప్పు కింద పెట్టించింది. వెట్టి డప్పు పోవాల్సిందే. కానీ దాంతోపాటు మా పాటా, మా చెయ్యి తిరిగిన దరువూ పోయాయి. చావుకి కూడా కొట్టుకోలేని రోజులొచ్చాయి.

కొత్త దేవుడొచ్చినా కులం ఎటూ పోలేదు. బాప్టిస్టులంటే ఎక్కువ మాదిగలు, లూథరన్లంటే ఎక్కువ మాలలు అన్నట్టే గుళ్ళు నడిచాయి. ఊరు మమ్మల్ని చూసే చూపూ మారలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు, మీ మెళ్ళో సిలువుందా అని ఎవరూ అడిగి నరకలేదు. బతికి బయటపడ్డోళ్ళు చీరాల పోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ లేచింది. తొమ్మిదేళ్ళకి, 1994 జులై 7న, ఇదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. చర్చి కింద పెట్టించిన డప్పుని దండోరా మళ్ళీ భుజానికెత్తింది. ఈసారి జాతర కోసం కాదు, వాటా కోసం.

ఊరికి తెలిసిన కులం చట్టానికి మాత్రం కనపడదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ తలుపు తీశారు. క్రైస్తవులకి తియ్యలేదు. మతం మారిన దళితుడికి మన రాష్ట్రం బీసీ-సి అని ఒక శాతం ఇచ్చింది. క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. తిట్టేవాడు కులం పేరుతోనే తిడతాడు. రక్షణ అడిగితే మాత్రం నీకు కులమే లేదంటారు.

అందుకే మా ఇళ్ళల్లో గుడికొక పేరు, బడికొక పేరు. నన్ను బళ్ళో వేసేటప్పుడు మా నాయన మతం దగ్గర "హిందూ" అని రాయించి, ఇంటికొచ్చి రాత్రి ప్రార్థనలో చాలాసేపు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. సర్టిఫికెట్ కోసం పోతే ఒక ఆఫీసులో గుమాస్తా మా అమ్మ నుదురు చూసి, "బొట్టు పెట్టుకోని రాపోమ్మా" అన్నాడు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇట్టా భయపడి ఎందరో సంఘం రిజిస్టరులో పేరు రాయించుకోవడం మానేశారు. ఆదివారం గుడి నిండుగా ఉంటుంది, పుస్తకంలో మనుషులుండరు.

వెల్లంపల్లిలో ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి నీళ్ళల్లోకి దించారు. ఊరు ఒరే, ఏరా అని పిలిచేవాళ్ళకి అది ఎంత పెద్ద సంగతో మాకు తెలుసు. ఇవాళ ఆ మనవళ్ళ మనవళ్ళు తిండి కోసం, ఉద్యోగం కోసం పేర్లు దాచుకుంటున్నారు. మమ్మల్ని బియ్యం కిరస్తానీలన్నోళ్ళు ఈ సంగతికి జవాబు చెప్పాలి. ఆనాడు కూడు పోతుందని తెలిసీ పేరు రాయించుకున్నారు మా వాళ్ళు. ఇవాళ పేరు బయటపెడితే కూడు లాక్కుంటామంటున్నది ఎవరు?